కలప వేలంలో ఓడినవాళ్లు ఎక్కడ ఆగారు?

అందరికీ నమస్కారం.

మా ఊళ్లో పంచాయతీ చింతచెట్లకు ఏటా వేలంపాట జరిగేది. దండోరా వేసి చెప్పిన వేళ పొద్దున పదింటికి. అసలు పాట మాత్రం ముందురోజు రాత్రే టీకొట్టు వెనకాల అయిపోయేది. కాయ కొనే వ్యాపారులు నలుగురే. ఈ ఏడాది చెట్లు ఎవరివో ఆ నలుగురూ తేల్చుకునేవాళ్లు. తెల్లారి చావడి దగ్గర ఒకాయన సర్కారు వారి పాట మీద పది రూపాయలు పెంచేవాడు, రెండో ఆయన ఇంకో పది, మొదటాయన మరో అయిదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. సాయంత్రానికి మిగతా ముగ్గురికీ గుడ్‌విల్ ముట్టేది. సిండికేట్ అయ్యారని ఊరందరికీ తెలుసు. మా మేనమామకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ నలుగురిలో ఆయనొకడు. కానీ ఎవరైనా నిలదీసి రుజువేదని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. పాట బహిరంగంగానే జరిగింది. నలుగురూ ధరావతు కట్టారు. ఇద్దరు పోటీ పడ్డారు కూడా.

ఇవాళ చెప్పబోయేది చింతపండు గురించి కాదు. ఇదే చిక్కు అమెరికాలో, పసిఫిక్ తీరాన ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రభుత్వ అడవుల్లో వచ్చింది. అక్కడ చేతులు మారేది ఊరుమ్మడి చెట్ల డబ్బు కాదు, కోట్ల డాలర్ల విలువైన డగ్లస్ ఫర్ అనే చెట్ల కలప. దాన్ని లెక్కలతో ఎలా పట్టే ప్రయత్నం చేశారో చెబుతాను.

ముందు అక్కడి పద్ధతి. మన డిపోల్లోలాగా నరికి పేర్చిన దుంగలను కాదు, నిలబడి ఉన్న చెట్లనే అమ్ముతారు. అమెరికా వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీస్ అడవిలో ఒక ముక్కకు హద్దులు గీస్తుంది. సిబ్బంది తిరిగి ఏ జాతి చెట్టు ఎంత కలప ఇస్తుందో అంచనా కడతారు. కొలత బోర్డ్ ఫుట్: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక. ధర వెయ్యి బోర్డ్ ఫుట్లకు ఇంత అని చెబుతారు. కోసిన చెక్కకు బజారులో వచ్చే ధరలోంచి నరికే ఖర్చు, రవాణా, కోత ఖర్చు, కొనేవాడి లాభం తీసేస్తే మిగిలేదాన్ని బట్టి 1970ల్లో కనీస ధర కట్టేవారు. ఆపైన వేలం. పాడేవాళ్లలో కోతమిల్లుల యజమానులు ఉంటారు, మిల్లు లేకుండా నరికి అమ్ముకునే చిన్న కాంట్రాక్టర్లూ ఉంటారు.

ఇక్కడ ఒక సంగతి పట్టుకోండి. దుంగ బరువైనది. లారీ ఎంత దూరం తిరిగితే లాభం అంత కరుగుతుంది. కాబట్టి ఒక అడవి చుట్టూ నిజంగా పాడగలిగే మిల్లులు కొన్నే ఉంటాయి. ఏటా వాళ్లే, అదే గదిలో, అవే ముఖాలు. కుమ్మక్కు కావడానికి ఇంతకంటే అనువైన చోటు వెతికినా దొరకదు. మా టీకొట్టు కూడా దీనిముందు దిగదుడుపే.

ఇప్పుడు చిన్న లెక్క. అంకెలు నేను కల్పించినవే. నాలుగు మిల్లులు ఉన్నాయి. ఆ అడవి ముక్క వాటికి వెయ్యి బోర్డ్ ఫుట్లకు 300, 280, 240, 200 డాలర్ల విలువ చేస్తుంది. కనీస ధర 150. నిజాయితీగా పాడితే ఏమవుతుంది? 200 దగ్గర ఒకరు, 240 దగ్గర ఇంకొకరు తప్పుకుంటారు. 280 దాకా ఇద్దరు నిలబడతారు. 280కి కాస్త పైన మొదటి మిల్లుకు పాట ఖరారవుతుంది. ఇప్పుడు పై ఇద్దరూ కలిసిపోయారనుకుందాం. పాట 240 దగ్గరే ఆగుతుంది. ముగ్గురు కలిస్తే 200. నలుగురూ కలిస్తే 150.

గెలిచింది ఎవరు? నాలుగు సందర్భాల్లోనూ 300 విలువ కట్టిన మిల్లే. అవే చెట్లు, అవే లారీలు, అదే మిల్లు గేటు. మారింది ఖజానాకు వచ్చిన డబ్బు ఒక్కటే. అందుకే గెలిచినవాడి పేరు ఎంతసేపు చూసినా ఏమీ తెలియదు. ధరను తేల్చేది ఓడినవాడు. అతను ఎక్కడ ఆగాడు, ఆగింది చేతకాకనా, మాట ప్రకారమా? మొత్తం పరిశోధన ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మరైతే ధర తక్కువగా ఉంటే కుమ్మక్కు అనేసుకోవచ్చా? తొందరపడకండి. అదే లెక్కలో, అదే ప్రాంతంలో ఒకటి కాదు, ఒకేలాంటి రెండు అడవి ముక్కలు అమ్మకానికి వచ్చాయి, ఒక్కో మిల్లుకు ఒకటి చాలు అనుకోండి. పై ఇద్దరికీ చెరొకటి దొరుకుతుంది. మూడోవాడు 240 దగ్గర తప్పుకోగానే ఇద్దరికీ పని అయిపోయినట్టే. ధర 240. పై ఇద్దరూ కుమ్మక్కైనప్పుడు వచ్చిన అంకె కూడా 240యే! ఒకచోట దొంగతనం, ఇంకోచోట సరుకు ఎక్కువై ధర తగ్గడం. రిజిస్టరులో మాత్రం రెండూ ఒకటే. ఈ చోటే నాకు ఈ విషయం మీద మనసుపడింది. ఆర్థికశాస్త్రం చదివే పిల్లలకు ఏటా ఈ లెక్క వేసి చూపిస్తాను. సగం మంది 'అయితే ఇక పట్టుకోలేం' అని తేల్చేస్తారు.

బాల్డ్‌విన్, మార్షల్, రిచర్డ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అలా తేల్చేయలేదు. 1997లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వాళ్ల వ్యాసం వచ్చింది. తీసుకున్న లెక్కలు 1970ల మధ్య నుంచి 1980ల మొదటి దాకా పసిఫిక్ తీరంలో జరిగిన బహిరంగ వేలాలవి. వాళ్ల ఉపాయం ఇది. ఒక్క వేలం చూస్తే రెండు కథలూ అతుకుతాయి. కానీ వేలాలు చాలా ఉన్నప్పుడు రెండు కథలూ రెండు దారుల్లో నడవాలి. ధర తగ్గడానికి కారణం సరుకు ఎక్కువ కావడమే అయితే, చుట్టుపక్కల అమ్మకాలు తగ్గిన రోజుల్లో ధర కోలుకోవాలి. కారణం కుమ్మక్కు అయితే సరుకు తగ్గినా ధర అక్కడే పడి ఉంటుంది. పాడేవాళ్ల సంఖ్య పెరిగినా ధర పెరగవలసినంత పెరగదు, ఎందుకంటే కాగితం మీద అయిదుగురున్నా లోపల ఇద్దరే. ఈ ముగ్గురూ ఒక్కో కథకూ ఒక్కో గణిత నమూనా కట్టారు. అందరూ ఎవరికి వారే పాడారనేది ఒకటి, సరుకు ఎక్కువైందనేది ఒకటి, కుమ్మక్కయ్యారనేది ఒకటి. జరిగిన ధరలకు ఏది బాగా సరిపోతుందో పోల్చి చూశారు. కుమ్మక్కు కథే మెరుగ్గా సరిపోయింది.

ఒక అభ్యంతరం ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరే అడుగుతారు. 1970ల చివర్లో అదే ప్రాంతంలో మిల్లులు ఎగబడి పాడాయి. కలప ధర ఇంకా పెరుగుతుందన్న ఆశతో పాడిన ఆ రేట్లు, ఇళ్ల నిర్మాణం పడిపోయి కలప ధర కుప్పకూలాక గుదిబండలయ్యాయి. చివరికి 1984లో చట్టం చేసి మరీ, కొంత డబ్బు కట్టి పాత కాంట్రాక్టుల నుంచి బయటపడే వీలు కల్పించారు. ఇంత పోటీ పడ్డవాళ్లు కుమ్మక్కయ్యారంటే ఎలా నమ్ముతాం? నా జవాబు ఇదీ: ధర పెద్దగా ఉండటానికీ, ఉండవలసినంత ఉండటానికీ తేడా ఉంది. 300 విలువ చేసే చెట్లు 240కి పోతే కుమ్మక్కు కావచ్చు, 600 విలువ చేసేవి 500కి పోయినా కుమ్మక్కే కావచ్చు. అయితే దీన్ని కోర్టులో నిలబెట్టగలరా అని అడిగితే, లెక్కలతో మాత్రమే నిలబెట్టలేరనే అంటాను.

కోర్టు దాకా వెళ్లిన కేసు అలాస్కాలో ఉంది. టాంగాస్ అడవిలో రెండు పెద్ద పల్ప్ (కలప గుజ్జు) కంపెనీలు, కెచికాన్ పల్ప్, అలాస్కా లంబర్ అండ్ పల్ప్. దీర్ఘకాలిక కాంట్రాక్టులతో పాతుకుపోయినవి. రీడ్ బ్రదర్స్ అనే చెట్లు నరికే చిన్న సంస్థ వాటిమీద దావా వేసింది. ఆ రెండూ కలప కోసం ఒకదానితో ఒకటి పోటీ పడకుండా కూడబలుక్కుని చిన్న సంస్థలను దెబ్బతీశాయని 1981లో తీర్పు వచ్చింది. 1983లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని సమర్థించింది. గమనించండి, ఫిర్యాదు చేసింది ప్రభుత్వం కాదు, నలిగిపోయినవాడు.

ఇక వేలం పద్ధతి సంగతి. మన దగ్గర బహిరంగ వేలమంటే నిజాయితీకి మారుపేరు అనుకుంటాం. అందరి ఎదుటా జరుగుతుంది కదా అని. కుమ్మక్కయ్యేవాళ్లకూ అది ఇష్టమే, సరిగ్గా అదే కారణానికి. ముఠాలో ఒకడు మాట తప్పి పాట పెంచాడనుకోండి, అందరికీ అక్కడికక్కడే కనిపిస్తుంది. వెంటనే పై పాట పాడి అతని లాభం తుడిచిపెట్టేస్తారు. అలాంటప్పుడు మాట తప్పడం ఎందుకు? అదే సీల్డ్ టెండరులో అయితే ఒకడు రాత్రికి రాత్రి వంద ఎక్కువ రాసి కవరు వేసేయవచ్చు. కవరు విప్పేదాకా ఎవరికీ తెలియదు, విప్పాక ఎవరూ ఏమీ చేయలేరు. ముఠాలో ఒకరిమీద ఒకరికి అనుమానం పెంచేది మూసిన కవరు.

ఈ తర్కం అమెరికా కాంగ్రెస్‌కు పట్టింది. 1976లో చేసిన జాతీయ అడవుల నిర్వహణ చట్టంలో సీల్డ్ టెండర్లనే ప్రధాన పద్ధతిగా పెట్టారు. పోటీ లేకుండా సాగే పాటల తీరును వెంటనే గుర్తించే ఏర్పాటు చేయాలనీ, కుమ్మక్కు కనబడితే అటార్నీ జనరల్‌కు ఆధారాలతో నివేదించాలనీ కూడా రాశారు. పశ్చిమ రాష్ట్రాల మిల్లు ఊళ్లు గోల పెట్టాయి. వాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. బయటి కంపెనీ ఎవరో కవరులో పది డాలర్లు ఎక్కువ రాసి మా అడవిని ఎగరేసుకుపోతే, మిల్లు మూతపడుతుంది, ఊరు ఖాళీ అవుతుంది; బహిరంగ వేలమైతే చివరిదాకా నిలబడి పాడుకోగలం అన్నారు. 1978లో చట్టం సవరించి, పద్ధతిని ఎంచుకునే వీలు మళ్లీ శాఖకే ఇచ్చారు.

తర్వాత ఏథీ, లెవిన్, సీరా అనే ఆర్థికవేత్తలు ఫారెస్ట్ సర్వీస్ వేలాలనే రెండు పద్ధతుల్లోనూ పోల్చి 2011లో ఫలితాలు ప్రచురించారు. సీల్డ్ టెండర్లకు చిన్న కాంట్రాక్టర్లు ఎక్కువగా వస్తారు, ఎక్కువగా గెలుస్తారు, కొన్నిచోట్ల ప్రభుత్వానికి ఆదాయం కూడా ఎక్కువ. పెద్ద మిల్లు ఎదురుగా కూర్చుంటే చిన్నవాడికి వచ్చి పాడటమే దండగ అనిపిస్తుంది. కవరులో అయితే ఒక ఆశ.

సీల్డ్ టెండరులో ముఠా కట్టరా అంటే కడతారు. కాకపోతే అక్కడ ఓడినవాళ్ల అంకెలు కాగితం మీద మిగిలిపోతాయి, అవే పట్టిస్తాయి. న్యూయార్క్ లాంగ్ ఐలండ్ రోడ్ల కాంట్రాక్టుల మీద పోర్టర్, జోనా అనే ఆర్థికవేత్తలు చేసిన పనిలో, ముఠాలో లేనివాళ్ల టెండర్లు వాళ్ల ఖర్చులను బట్టి పెరిగాయి, తగ్గాయి. ముఠావాళ్ల ఓడిన టెండర్లకు మాత్రం ఖర్చుతో పొంతన లేదు. ఓడిపోవడానికే రాసిన అంకెకు లెక్క ఎందుకు ఉంటుంది? ఒహాయోలో బళ్లకు పాలు సరఫరా చేసే టెండర్లలో ఇంకా విచిత్రం చూశారు: కొన్ని డెయిరీలు దగ్గరి బడికి ఎక్కువ, దూరపు బడికి తక్కువ కోట్ చేశాయి. దగ్గరి బళ్లు పంచుకున్నవి, దూరం వెళితే నిజమైన పోటీ. కలపలోనూ దూరమే ఖర్చు కాబట్టి ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. పక్కనే మిల్లు పెట్టుకుని ఎప్పుడూ గట్టిగా పాడనివాడు, యాభై మైళ్ల అవతల వీరావేశంతో పాడుతుంటే ఆలోచించాలి.

మన దగ్గరికి వస్తే, కాంపిటిషన్ చట్టం 2002, సెక్షన్ 3లో బిడ్ రిగ్గింగ్, అంటే వేలంలో కుమ్మక్కు మీద నిషేధం నేరుగా ఉంది. ముఠాలోంచి ముందుగా బయటికొచ్చి కీలక సమాచారం ఇచ్చినవాడికి జరిమానా పూర్తిగా కూడా మాఫీ చేసే వీలుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టుకున్న ఎర్రచందనం దుంగలను గ్రేడ్లవారీగా లాట్లు కట్టి ఈ-వేలంలో అమ్ముతోంది. తెర మీద పేర్లు కనబడవు, మంచిదే. కానీ కొనేవాళ్లు కొద్దిమందే అయినచోట ఎవరెవరు పాడుతున్నారో ఊహించడం కష్టమేమీ కాదు, ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి.

అటవీశాఖ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కొందరున్నారు. మీతో ఒక మాట. కొన్నేళ్ల కిందట మా పంచాయతీ పాత రిజిస్టరు అడిగి చూశాను. ప్రతి ఏడూ తేదీ ఉంది, మొత్తం ఉంది, హెచ్చుపాటదారు పేరు ఉంది. మిగతా ముగ్గురి పేర్లు ఒక్క చోటా లేవు. మా మేనమామ పేరు కూడా ఆయన వంతు వచ్చిన ఏడే కనబడింది. మీ డిపోలో ధరావతు కట్టి నోరు విప్పనివాడు ఎవరు, ఎవరు ఏ అంకె దగ్గర ఆగారు, వాళ్ల మిల్లు ఎంత దూరం, ఆ రోజు ఇంకెన్ని లాట్లు అమ్మకానికి ఉన్నాయి, గెలిచిన సరుకు తర్వాత ఎవరి షెడ్డుకు చేరింది? ఈ-వేలం సర్వర్లలో ఇందులో సగం ఇప్పటికే ఉంటుంది, మిగతా సగం గేటు పాసుల్లో ఉంటుంది. రెండూ ఒకచోట పెట్టి అయిదేళ్లవి ఇవ్వగలిగితే, నా విద్యార్థులు ఇద్దరు కూర్చుని చూడటానికి సిద్ధంగా ఉన్నారు.

ప్రశ్నలుంటే అడగండి.