వీలునామా రాయడంతో పని పూర్తికాదు

సభాధ్యక్షులకు, విశ్రాంత ఉద్యోగ మిత్రులకు, వారితో వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారం.

ఆస్తి ఎవరికి ఎంత ఇవ్వాలన్నది మీ ఇష్టం, దాని జోలికి నేను వెళ్లను. మీరు ఇవ్వదలచుకున్నది, మీ తదనంతరం, కోర్టు మెట్లెక్కే అవసరం లేకుండా వారి చేతికి ఎలా చేరుతుందన్నదే ఈ పూట నా విషయం. వారసత్వ తగాదాలను దగ్గరగా చూసే న్యాయవాదిగా నా అభిప్రాయం చెప్పమంటే, వాటిలో చాలావరకు దురాశతో పుట్టినవి కావు. పెద్దాయన మనసులో ఏముందో తెలియక, తెలిసినా రుజువు చేయలేక పుట్టినవి.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే ఆస్తి భార్యాబిడ్డలకే వస్తుందని చాలామంది నమ్మకం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు కన్నతల్లికి కూడా సమాన వాటా ఉంది. తండ్రి మాత్రం ఇలా ముందుగా వాటా పొందే మొదటి తరగతి వారసుల్లో లేడు. నాలుగు వందల గజాల స్వార్జిత స్థలం ఉన్న వ్యక్తి తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను వదిలి పోయాడనుకుందాం. తలా వంద గజాలు. తర్వాత ఆ తల్లి కూడా ఏమీ రాయకుండా కాలం చేస్తే, ఆమె వంద గజాలు ఆమె సంతానమందరికీ, అంటే చనిపోయిన వ్యక్తి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పోతాయి. అప్పుడు ఆ స్థలం అమ్మాలన్నా, బ్యాంకులో కుదువ పెట్టాలన్నా మరిది, ఆడపడుచుల సంతకాలు కావాలి. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కాని ఒకరు దుబాయిలో ఉంటారు, మరొకరితో మాటలుండవు.

ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి విషయంలో చిక్కు ఇంకో రకం. ఆమె పిల్లలు లేకుండా మరణిస్తే, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి తండ్రి వారసులకు తిరిగి వెళుతుందని చట్టంలో ఉంది. అయితే ఆ మినహాయింపు వారసత్వంగా వచ్చినదానికే. దాన సెటిల్‌మెంట్ దస్తావేజు, అంటే బతికుండగానే ఆస్తి రాసిచ్చే పత్రం ద్వారా పుట్టింటివారు ఇచ్చిన భూమి, భర్త కూడా లేకపోతే, భర్త వారసుల పరమవుతుంది. పుట్టింటివారు ఇచ్చిన రెండెకరాలు ఎన్నడూ చూడని వాళ్ల చేతికి పోకూడదనుకుంటే, ఆ అమ్మాయే వీలునామా రాసుకోవాలి. వీలునామా మగవాళ్ల వ్యవహారమనే ధోరణి మన ఇళ్లలో ఇంకా పోలేదు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

పిత్రార్జితంలో మీ వాటా వరకే మీరు వీలునామా రాయగలరు. కూతుళ్లకు జన్మతః హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలపు సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని వారికి వచ్చింది. దేశమంతటా ఆ హక్కు 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నమిచ్చాం కదా అనే వాదన ఇక కోర్టులో నిలవదు. ఆడపిల్లలు తమ వాటా వద్దనుకుంటే అది నోటిమాటగా కాక రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజుగా ఉండాలి.

ఇక వీలునామా. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ సంతకం, మీరు సంతకం చేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. చట్టం అడిగేది ఇంతే, కాని తగాదా వస్తే కోర్టు అడిగేది ఇంకా చాలా ఉంటుంది. వీలునామాను రుజువు చేయాలంటే ఆ సాక్షుల్లో కనీసం ఒకరైనా బోనెక్కి చెప్పాలి. డెబ్భై అయిదేళ్ల వ్యక్తి తన ఈడు స్నేహితులిద్దరినే సాక్షులుగా పెట్టుకుంటే, అవసరమైన నాటికి ముగ్గురూ ఉండరు. మీకన్నా ఇరవై ఏళ్లు చిన్నవారిని, ఊరు మారే అవకాశం తక్కువున్నవారిని, ఆస్తిలో ఏమీ పొందనివారిని ఎంచుకోండి. రిజిస్టరు చేయిస్తే మంచిదే, కాని రిజిస్టరైనంత మాత్రాన వీలునామాకు తిరుగులేదనుకోవద్దు. అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించే బాధ్యత వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని 1959లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇల్లు దక్కబోయే కొడుకే లేఖరిని పిలిచి, సాక్షులను తెచ్చి, తండ్రిని కారులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి, ఫీజు కూడా తానే కట్టాడంటే, అది ఎంత ప్రేమతో చేసిన పనైనా, ఎదుటి వకీలుకు అంతకన్నా కావలసింది లేదు. ఒక బిడ్డకు తక్కువ ఇస్తుంటే కారణం ఒక్క వాక్యంలో రాయండి. సర్వే నంబరు, హద్దులు, ఇంటి నంబరు దస్తావేజులో ఉన్నట్టే దించండి. ఇందులో చేర్చని ఆస్తి, ఇకపై సంపాదించే ఆస్తి ఎవరికో కూడా ఒక మాట ఉండాలి.

ముస్లిం కుటుంబాలలో వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. క్రైస్తవులు వీలునామా రాశాక పెళ్లి చేసుకుంటే అది రద్దవుతుంది. వారు విడిగా సలహా తీసుకోవాలి.

మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను, 1985లోనే పోయింది. అందువల్ల పన్ను భయంతో బతికుండగానే అంతా పిల్లల పేర రాసేయవలసిన అవసరం లేదు. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, సెటిల్‌మెంట్ దస్తావేజును అలా వెనక్కి తీసుకోలేరు. ఇవ్వక తప్పదనుకుంటే, మమ్మల్ని పోషించాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించుకోవడానికి ఆ వాక్యమే ఆధారం. మీరుంటున్న ఇంటిని మాత్రం మీ పేరనే ఉంచుకోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

నామినీ గురించి పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయింది. బ్యాంకు నామినీ సొమ్ము అందుకునే మనిషే కాని సొంతదారు కాడు. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాలో మాత్రం, 2015 సవరణ తర్వాత, భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వారిదే. కాబట్టి నామినీ పేరూ వీలునామాలోని పేరూ ఒకటే అయ్యేలా చూసుకోండి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి. తిరిగి తెచ్చుకోవచ్చు, కాని ఖాతా ఉందని ఇంట్లో తెలిసి ఉండాలి కదా.

పిల్లలు అమెరికాలో ఉన్నవారికి మరికొన్ని మాటలు. ప్రవాస భారతీయులు ఇక్కడ సాగుభూమి కొనలేరు కాని, వారసత్వంగా పొందగలరు. వారు కాన్సులేటులో రాసి పంపే పవరాఫ్ అటార్నీకి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. మీరు మీ తమ్ముడికిచ్చిన పవరాఫ్ అటార్నీ మీతోనే ముగుస్తుంది. ఆ తర్వాత దానితో చేసిన అమ్మకం తగాదాకు దారి. పేర్ల తేడా కూడా సరిచూసుకోండి. పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక అక్షరమే ఉంటుంది, అబ్బాయి పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు చివరికి పోతుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు ఆ పేర్లన్నీ ఒకే కుటుంబానివని చూపడానికి నెలలు పడుతుంది. మీ తండ్రిగారి పేరనే ఇంకా ఉన్న భూమికి విరాసత్, అంటే వారసుల పేర రికార్డు మార్పు, మీ హయాంలోనే చేయించండి. తెలంగాణలో భూమి రికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్లు వచ్చాయి. పోర్టల్ మారినప్పుడల్లా పాత పేర్ల మీదున్న ఖాతాల వారికే తిరుగుడు ఎక్కువ.

చివరగా, రాసిన కాగితం ఎక్కడుందన్న విషయం. రిజిస్టరైన వీలునామా ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించదు, మీరు జీవించి ఉన్నంతకాలం దాని నకలు మీకో మీ ఏజెంటుకో తప్ప ఎవరికీ ఇవ్వరు. అంటే మీరు చెప్పకపోతే అది ఉందని తెలుసుకునే దారి పిల్లలకు దాదాపు లేనట్టే. లోపలి విషయం చెప్పకపోయినా ఫరవాలేదు, డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు రాసి ఇద్దరికి ఇవ్వండి. మీ ఒక్కరి పేర ఉన్న లాకరులో మాత్రం పెట్టకండి, నామినీ లేకపోతే దాన్ని తెరవడానికే బ్యాంకువారు వారసత్వ పత్రాలు అడుగుతారు. గోప్యంగా ఉంచాలనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే ఏర్పాటు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. మీ తర్వాత దరఖాస్తు పెట్టుకున్నవారి సమక్షంలో దాన్ని విప్పుతారు.

పాసుపుస్తకాలు, పాత దస్తావేజులు వెంట తెచ్చుకున్నవారు ముందుకు రండి, వాటిలోని పేర్లతోనే మొదలుపెడదాం.