రైతు బజారులో రాగి బిస్కెట్లు

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో బేక్ చేసినవి అనంతపురం రైతు బజారులో అమ్మాలనుకునేవాళ్ల మనసు ముందు కేకు మీదికే పోతుంది. వద్దు. ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, క్రీము నిలవదు. టమోటాల సంచిలో పడేసుకున్నా ఇల్లు చేరేది బిస్కెట్టే. రాగులకూ శెనక్కాయలకూ మనకు కొదవ లేదు.

కొలతలు రాసుకోండి. రాగిపిండి, గోధుమపిండి, వెన్న, బెల్లంపొడి నాలుగూ 125 గ్రాముల చొప్పున. వేయించి పొట్టు తీసిన శెనక్కాయ గింజలు 100 గ్రాములు, బేకింగ్ పౌడరు అర టీస్పూను, చిటికెడు ఉప్పు, ముద్ద కలిసేటన్ని పాలు. రాగిపిండిలో గోధుమకుండే సాగుడు గుణం లేదు. అంతా అదే వేస్తే పొట్లంలో మిగిలేది పొడే. గింజలను మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, లేకుంటే నూనె వదులుతుంది. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ముందే ఏరేయండి. వేయిస్తే పోతుందిలే అనుకోవద్దు. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయింపుతో పూర్తిగా పోదు.

అన్నీ కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. వెన్న కరిగి ఉంటే ఓవెన్‌లో బిస్కెట్లు పరుచుకుపోతాయి. అర సెంటీమీటరు మందాన కోసి, ముందే 160 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 15 నుంచి 18 నిమిషాలు. రాగి రంగే ముదురు, కాబట్టి రంగును నమ్మొద్దు. అంచు గట్టిపడి నడుమ కాస్త మెత్తగా ఉండగానే తీసేయాలి. చల్లారితే అదే బిగుస్తుంది.

ఎక్కువ సరుకు పాడయ్యేది ఓవెన్‌లో కాదు, కవర్లో. గోరువెచ్చగా ఉండగా కట్టేస్తే ఆవిరి లోపలే నీరవుతుంది. బెల్లం ఎలాగూ తేమను లాగుతుంది. జాలీ మీద పరిచి, అడుగు కూడా చల్లబడ్డాకే గాలి చొరకుండా సీలు వేయండి.

తడి ఆరాక ఈ కొలతకు రెండు పావుకిలో పొట్లాలు, రుచికి ఇచ్చే నాలుగు ముక్కలు వస్తాయి. ఆ ముక్కల ఖరీదు, కరెంటు, కవరు, మీ కూలి కూడా ధరలో పడాలి. కూలి వదిలేసేవాళ్లే ఎక్కువ.

పొట్లం మీద పేరు, దినుసులు, నికర బరువు, ధర, తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు తినాలో, చిరునామా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. శెనక్కాయ, గోధుమ, పాలు ఉన్నాయని విడిగా రాయండి, పడనివాళ్లుంటారు. శాకాహారమని చూపే ఆకుపచ్చ చుక్క సరే, గుడ్డు వేస్తే మాత్రం గోధుమరంగు త్రిభుజం. రైతు బజారు ప్రధానంగా కార్డున్న రైతులది. డ్వాక్రా సంఘంలో ఉంటే దాని తరఫున బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసరును చోటు అడగండి.

గడువు ఊహించి వేయకండి. అమ్మకానికి ముందు ఒక వాయిని చిన్న పొట్లాలుగా కట్టి ఇంట్లో పెట్టి, ఏడో రోజు ఒకటి, పదో రోజు ఒకటి, పదిహేనో రోజు ఒకటి విప్పి చూడండి. మెత్తబడ్డా, నూనె వాసన మారినా, అంతకు ముందు బాగున్న రోజే మీ గడువు.