దొంగ ఎవరని అడగని అపరాధ పరిశోధన

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం వినడానికి సరదాగా ఉంది. రెండు అంతరిక్ష కాలనీలు తగువు పడుతున్నాయి. మధ్యలో ఏదో జరిగింది, ఎవరి పనో తెలీదు. రాజీ కుదర్చడానికి వెళ్ళిన దౌత్యవేత్తలే ఆ గుట్టు కూడా విప్పాలి. అపరాధ పరిశోధన నవలలు చదివి పెరిగినవాణ్ణి కాబట్టి వెంటనే ఒప్పేసుకున్నాను. తీరా కూర్చుని ఆలోచిస్తే డిటెక్టివ్ పనికీ మధ్యవర్తి పనికీ పొంతనే కుదరలేదు. డిటెక్టివ్ దొంగను పట్టిస్తే కథ అయిపోతుంది. మధ్యవర్తి పట్టిస్తే గొడవ అక్కడే మొదలవ్వచ్చు.

ఒకటి ఊహించుకుందాం. అంగారకుడి మీద రెండు కాలనీలు. నడుమ నేల కింద మంచు. తాగే నీళ్ళకీ పీల్చే ఆక్సిజన్‌కీ ఇద్దరికీ అదే దిక్కు. ఒక కాలనీ గ్రీన్‌హౌస్‌లో రోజూ రాత్రిపూట గాలి ఒత్తిడి పడిపోతోంది. పక్క కాలనీ వాళ్ళేమో ఆ దగ్గర్లోనే రాత్రిళ్ళు డ్రిల్లింగ్ చేస్తున్నారు. ఇంకేం కావాలి? "వాళ్ళ పనే" అంటారు వీళ్ళు. "మా డ్రిల్లింగ్ ఆపించడానికి ఆడుతున్న నాటకం" అంటారు వాళ్ళు.

రాత్రి అనగానే మనకు దొంగ గుర్తొస్తాడు, ఇంజనీరుకు చలి గుర్తొస్తుంది. అంగారకుడి మీద పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో పదుల డిగ్రీల తేడా ఉంటుంది. చలికి రబ్బరు సీళ్ళు బిగుసుకుపోతాయి. 1986 జనవరిలో చాలెంజర్ షటిల్ ప్రమాదానికి దారితీసింది చలికి సాగే గుణం తగ్గిపోయిన రబ్బరు రింగే. లేదా డ్రిల్లింగ్ అదురు కూడా కావచ్చు. అప్పుడు నష్టం పక్కవాళ్ళ వల్లే జరిగినట్టు, కానీ కావాలని చేసినట్టు కాదు. ఈ తేడా తేలకముందే నోరు జారిన మధ్యవర్తి ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఇదంతా ఊహే అనుకోకండి. దీనికి బాగా దగ్గరగా ఉన్నది నిజంగానే జరిగింది. 2018 ఆగస్టు చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి ఒత్తిడి కొద్దికొద్దిగా తగ్గడం మొదలైంది. సిబ్బంది నిద్రలో ఉన్నారు. పొద్దున్న వెతికితే, కేంద్రానికి తగిలించి ఉన్న రష్యా వ్యోమనౌక సోయజ్ ఎంఎస్-09లో దాదాపు 2 మిల్లీమీటర్ల రంధ్రం కనిపించింది. టేపు, ఎపాక్సీ జిగురు పెట్టి మూసేశారు. అంతవరకూ రిపేరు పని. ఆ తర్వాతే అసలు టెన్షన్. అది ఉల్క దెబ్బ కాదు, డ్రిల్లుతో చేసిన రంధ్రంలా ఉందని రష్యా అంతరిక్ష సంస్థ అధిపతి అన్నారు. ఎవరు చేశారు? భూమ్మీద ఫ్యాక్టరీలోనా, పైనా? అప్పుడు కేంద్రంలో ఉన్నది ఆరుగురు: ముగ్గురు అమెరికన్లు, ఇద్దరు రష్యన్లు, ఒక జర్మన్. వీళ్ళలోనే ఎవరో చేశారన్న అనుమానం పత్రికలకెక్కింది.

పైగా, సాక్ష్యం ఉన్న భాగం భూమికి తిరిగిరాదు. సోయజ్‌లో రంధ్రం ఉన్న ఆ పై గది తిరుగు ప్రయాణంలో విడిపోయి గాలిలో కాలిపోతుంది. అందుకే అదే ఏడాది డిసెంబర్‌లో ఇద్దరు రష్యన్ వ్యోమగాములు బయటికి వెళ్ళి, పై కవచాన్ని కత్తితో కోసి, నమూనాలు తీసుకొచ్చారు. ఇంతా చేశాక ఫలితం? కారణం ఏమిటో తమకు తెలుసనీ, బయటికి మాత్రం చెప్పమనీ రష్యా అంతరిక్ష సంస్థ వాళ్ళు అన్నారు. పాఠకుడిగా నాకు ఒళ్ళు మండింది. కానీ కేంద్రం నడుస్తూనే ఉంది, ఇరు దేశాల వాళ్ళూ ఒకే గాలి పీలుస్తూనే ఉన్నారు. గుట్టు విప్పకుండా కూడా కాపురం సాగుతుందన్నమాట! అయితే చెప్పకుండా దాచిన అనుమానం ఊరుకోదు. 2021లో ఆ పాత ఆరోపణ రష్యన్ పత్రికల్లో మళ్ళీ తలెత్తింది.

గుట్టు విప్పి కూడా రాజీ కుదిర్చే రెండో దారి చూడాలంటే చాలా వెనక్కి, 1904కి వెళ్ళాలి. జపాన్‌తో యుద్ధానికి బయల్దేరిన రష్యా నౌకాదళం అక్టోబర్ 21 రాత్రి ఉత్తర సముద్రంలో డాగర్ బ్యాంక్ దగ్గర కొన్ని పడవలను చూసి, జపాన్ టార్పెడో పడవలనుకుని కాల్పులు జరిపింది. అవి బ్రిటిష్ చేపల పడవలు. జాలర్లు చనిపోయారు. ఆ గందరగోళంలో సొంత నౌకలనే కొట్టుకున్నారు కూడా. బ్రిటన్ యుద్ధానికి సై అంది. రష్యా మాత్రం టార్పెడో పడవలు ఉన్నాయనే పట్టుబట్టింది.

దాన్ని ఆపింది 1899 హేగ్ ఒప్పందంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక ఏర్పాటు: అంతర్జాతీయ విచారణ సంఘం. ఐదుగురు అడ్మిరల్స్ పారిస్‌లో కూర్చున్నారు. బ్రిటన్, రష్యా, అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రియా-హంగరీ నుంచి ఒక్కొక్కరు. గమనించండి, నిందితుడి మనిషి కూడా బల్ల దగ్గరే ఉన్నాడు. 1905 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. అక్కడ టార్పెడో పడవలు లేవు, కాల్పులు సమర్థనీయం కాదు అంది. వెంటనే ఇంకో మాట చేర్చింది: దీనివల్ల రష్యా అడ్మిరల్ సైనిక ప్రతిభకు గాని మానవత్వానికి గాని మచ్చ రాదు. రష్యా దాదాపు 66,000 పౌండ్లు చెల్లించింది, యుద్ధం తప్పింది. ఆ రెండో మాట అబద్ధమని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. నాకైతే నివేదిక మొత్తంలో ఎక్కువ ఆలోచించి రాసింది ఆ వాక్యమే అనిపిస్తుంది. జరిగింది దాచలేదు, జరిపినవాడి ముఖం మీద కొట్టనూ లేదు.

మరి అంగారకుడి మీద ఏ చట్టం? 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం స్థావరం మీద అధికారం దాన్ని నమోదు చేసిన దేశానిదే. కంపెనీ పెట్టిన కాలనీకి కూడా దాని దేశమే జవాబుదారీ. చంద్రుడి మీదా ఇతర గ్రహాల మీదా ఉన్న స్థావరాలకు ఇతర దేశాల ప్రతినిధులు ముందుగా చెప్పి వెళ్ళవచ్చు, నువ్వు నీ తలుపు తెరిస్తే నేను నాది తెరుస్తాను అన్న పద్ధతిలో. నా దృష్టిలో మధ్యవర్తి చేతిలోని తాళంచెవి ఇదే. ఇక 1972 నష్టపరిహార ఒప్పందం ఉంది. అంతరిక్షంలోకి పంపిన వస్తువు భూమ్మీద పడి నష్టం చేస్తే తప్పెవరిదని అడగక్కర్లేదు, ప్రయోగించిన దేశం కట్టాలి. అదే అంతరిక్షంలో ఒకరి వస్తువు ఇంకొకరి దాన్ని దెబ్బతీస్తే తప్పు రుజువు కావాలి. అంటే అక్కడ ఆ గుట్టు విప్పితేనే డబ్బు కదులుతుంది.

పైవాళ్ళను అడిగి చెబుతాను అని తప్పించుకోవడానికి కూడా కుదరదు. భూమికి మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్ళీ అంత. దాదాపు 26 నెలలకోసారి సూర్యుడు మధ్యలో అడ్డొచ్చి, రెండు వారాల పాటు ఆ సంభాషణ కూడా నిలిచిపోతుంది.

2020లో అంతరిక్ష కేంద్రంలో ఇంకో లీకును వెతకడానికి వ్యోమగాములు టీ ఆకులు గాలిలోకి వదిలారు. అవి మెల్లగా తేలుతూ పగులు వైపు వెళ్ళాయి. అంగారకుడి మీద గురుత్వాకర్షణ ఉంది కాబట్టి ఆకులు కిందపడిపోతాయి, ఆ ఉపాయం పనిచెయ్యదు. అక్కడికి వెళ్ళే దౌత్యవేత్త ఆ రెండు వారాల మౌనంలో ఒక పని చెయ్యొచ్చు. రెండు కాలనీల టెక్నీషియన్లను ఒక్కొక్కరిని తెచ్చి, ఆ గ్రీన్‌హౌస్‌లో ఒకే ప్రెషర్ గేజ్ ముందు తెల్లారేదాకా కూర్చోబెట్టాలి. డ్రిల్లింగ్ ఒక రాత్రి ఆపించి, ఒక రాత్రి నడిపించి. ముల్లు ఎప్పుడు కదిలిందో ఇద్దరూ ఒకే పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి.

అడగదలుచుకున్నవాళ్ళు అడగండి.