ఫైర్ స్టేషన్ సెట్లకు కొత్త ఫ్రీక్వెన్సీలు ఎక్కించడం ఎలా?

నమస్కారమండి. ఫైర్ స్టేషన్లలో వైర్‌లెస్ సెట్లు చూసుకునే వారి కోసం ఈ వీడియో. నగర అగ్నిమాపక విభాగం పాత ఫ్రీక్వెన్సీలు వదిలి కొత్తవాటికి మారేటప్పుడు ఏమేం చేయాలో చూద్దాం. ఉదాహరణకు రాజమహేంద్రవరాన్ని తీసుకుంటున్నాను. అక్కడ ఇప్పుడు మార్పు జరుగుతోందని కాదు, ఆ ఊరి సందులూ దిగువనున్న కొబ్బరితోటలూ మన వాళ్లకు బాగా తెలిసినవని.

ముందుగా ఒక మాట. ఫ్రీక్వెన్సీ మన ఇష్టం కాదు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం ఏది కేటాయిస్తే అదే. ఖాళీగా ఉంది కదా అని మరొకటి ఎక్కించకండి.

సెట్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఆన్ చేయండి. సెట్‌ను ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో మొట్టమొదట 'రీడ్' నొక్కండి. లోపలున్న పాత వివరాలన్నీ తెర మీదికి వస్తాయి. ఆ ఫైలును సెట్ నంబరు, తేదీతో దాచుకోండి. ఇది చేయకుండా 'రైట్' జోలికి, అంటే తెర మీది వివరాలను సెట్‌లోకి ఎక్కించే పనికి, వెళ్లవద్దు.

ఇప్పుడు తెర చూడండి. ఒక్కో చానెల్‌కు మనకు కావలసినవి నాలుగు గళ్లు: రిసీవ్, ట్రాన్స్‌మిట్, టోన్, బ్యాండ్ వెడల్పు. రిపీటర్ చానెల్‌లో మొదటి రెండూ వేరువేరు. మనం ఒకదాని మీద మాట్లాడితే రిపీటర్ విని, రెండోదాని మీద అందరికీ పంపుతుంది.

టోన్ దగ్గర కాస్త ఆగుదాం. మాటతో పాటు వెళ్లే సన్నని మోత ఇది, సాధారణంగా 67 నుంచి 254.1 హెర్ట్జ్ లోపల ఉంటుంది. మన చెవికి చేరకుండా సెట్టే దాన్ని వడకడుతుంది. రిపీటర్ 88.5 కోసం చూస్తుంటే మీరు 91.5 పెట్టారనుకోండి. బటన్ నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కంట్రోల్ రూమ్‌లో మాత్రం ఒక్క ముక్క వినబడదు. 'సెట్ పాడైంది' అనే ముందు ఈ గడి చూడండి.

వెడల్పు, అంటే ఒక్కో చానెల్ ఆక్రమించే చోటు, సంగతి మరీ గడుసుది. పాత చానెళ్లు 25 కిలోహెర్ట్జ్, కొత్తవి 12.5 అయితే రెండు రకాల సెట్లూ కలిసిపోయినట్టే కనిపిస్తాయి. మాట ఆగదు. కానీ ఇరుకు సెట్ నుంచి వచ్చే గొంతు వెడల్పు సెట్‌లో పీలగా, అటు నుంచి వచ్చేది ఇటు పగిలినట్టు వినిపిస్తుంది. పంపు మోతలో ఆ పీల గొంతు ఎవరికి అందుతుంది? అమెరికాలో 512 మెగాహెర్ట్జ్ లోపు అత్యవసర సేవల సెట్లు 2013 జనవరి 1 కల్లా 12.5కు మారాలని గడువు పెట్టారు. గడువు ఉంటే తప్ప ఈ పని పూర్తి కాదు.

యాంటెన్నా మరచిపోకండి. దాని కడ్డీ పొడవు మామూలుగా తరంగం పొడవులో పావు వంతు. 150 మెగాహెర్ట్జ్‌కు ఆ పావు తరంగం అర మీటరు, 450కి దాదాపు 17 సెంటీమీటర్లు. బండిలో కొత్త సెట్ బిగించి, పైకప్పు మీద పాత కడ్డీ వదిలేస్తే శక్తి వెనక్కి తన్ని సెట్ వేడెక్కుతుంది.

ఇక పరీక్ష. ధవళేశ్వరం దాటితే అంతా చదునే. 30 మీటర్ల స్తంభం మీది రిపీటర్ చేతిలోని సెట్‌కు లెక్క ప్రకారం సుమారు 27 కిలోమీటర్ల వరకు అందాలి. ఆ లెక్కకు కొబ్బరితోటలు అడ్డొస్తాయి. తడిసిన మట్టలు సంకేతాన్ని, అందులోనూ యూహెచ్‌ఎఫ్‌ను (450 మెగాహెర్ట్జ్ లాంటి పై ఫ్రీక్వెన్సీలను), బాగా మింగేస్తాయి. అందుకని స్టేషన్ వాకిట్లో 'హలో హలో' అంటే పరీక్ష అయిపోదు. వాన వెలిశాక తోటలోకి వెళ్లి మాట్లాడండి. మెయిన్ రోడ్డు దుకాణాల వెనక గోదాముల్లో, మెట్ల కింద మాట్లాడండి. అందని చోటల్లా కాగితం మీద రాయండి.

మార్చే రోజు గురించి నా అభిప్రాయం కచ్చితమైనది: ఆ రోజున ఎవరి చేతిలోనూ కేబుల్ ఉండకూడదు. సెట్‌లో చానెళ్లను గుంపులుగా పెట్టుకోవచ్చు, ఒక్కో గుంపు ఒక జోన్. ముందే అన్ని సెట్లలో 'ఏ' జోన్‌లో పాత చానెళ్లు, 'బి' జోన్‌లో కొత్తవి పెట్టేయాలి. రిపీటర్‌తో పనిలేకుండా సెట్ నుంచి సెట్‌కు మాట్లాడే చానెల్‌ను రెండు జోన్లలోనూ నాబ్ మీద ఒకే స్థానంలో ఉంచండి. పొగలో, గ్లవ్స్ వేసుకున్న చేతికి అంకెలు కనబడవు, నాబ్ ఎన్ని టకటకలు తిరిగిందన్నదే గుర్తు.

పొరుగు స్టేషన్ల సెట్లలోనూ అదే కొత్త ఫైలు ఉందో లేదో అడగండి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అలాంటి చోటికి ఒక్క ఊరి బండ్లే రావు. ఒకరు 'ఏ'లో, ఇంకొకరు 'బి'లో ఉంటే పక్కపక్కనే నిలబడి కేకలు వేసుకోవాల్సిందే.

పాత రిపీటర్‌ను ఆ రోజే ఆపకండి. కొన్నాళ్లు కంట్రోల్ రూమ్‌లో ఒక సెట్ పాత చానెల్ మీద వింటూ ఉండాలి. దారి తప్పి అక్కడ పిలిచిన వారికి 'బి జోన్‌కు రండి' అని చెప్పి, ఆ సెట్ నంబరు రాసుకోండి. ఆ పిలుపులు పూర్తిగా ఆగాకే, కేబుల్ మళ్లీ తీసి 'ఏ' జోన్ తుడిచేయండి.