మిల్లు కంప్యూటర్ ఆగిపోకముందే

అందరికీ నమస్కారం.

ఆ మధ్య గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లుకు వెళ్లాను. ఆఫీసు గదిలో కొత్త కంప్యూటర్ ఒకటి, దాని పక్కనే గుడ్డ కప్పిన పాత కంప్యూటర్ ఒకటి ఉన్నాయి. జీఎస్టీ బిల్లులన్నీ కొత్తదాంట్లోనే వేస్తున్నారు. మరి ఈ పాతది ఎందుకుంచారని అడిగాను. గుమాస్తాగారు ఏమీ చెప్పకుండా గుడ్డ తీసి, దులిపి, స్విచ్ వేశారు. ఫ్యాన్ గరగరమంది. నల్లటి తెర మీద తేదీ 1-1-1980 అని వచ్చింది. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, అందుకని ఆ రోజు తేదీ ఆయనే చేత్తో కొట్టారు. నీలం తెర వచ్చింది. ఒక రైతు ఇంటిపేరు కొట్టి ఎంటర్ నొక్కారు. ఆ ఇంటి నుంచి 1996లో ఎన్ని బస్తాలు వచ్చాయి, తేమకు ఎంత తీశారు, హమాలీకి ఎంత పోయింది, బయానా ఎంత ఇచ్చారు, దాని మీద వడ్డీ ఎంత అన్నది వరసగా దిగింది. మౌస్ లేదు. ఆయన చూపు తెర మీదే ఉంది, వేళ్లు మాత్రం నంబర్ల మీట మీద వాటంతటవే తిరుగుతున్నాయి.

"ఇది ఆగిపోతే ఏం చేస్తారండీ?" అన్నాను.

"ఆగదు బాబూ. ఇన్నేళ్లూ ఆగలేదుగా."

"ఆగితే?"

ఆయన మళ్లీ గుడ్డ కప్పేశారు.

ఇవాళ మీ ముందు నిలబడటానికి కారణం ఆ గుడ్డే. ఆ మిషన్‌లో నడుస్తున్నది డాస్ ప్రోగ్రామ్. డాస్ అంటే విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపించిన సాఫ్ట్‌వేర్. అలాంటి ప్రోగ్రామ్‌ను ఇప్పటి ల్యాప్‌టాప్‌లోకి తేవచ్చు. ఖర్చు దాదాపు ఉండదు. కాకపోతే పాత మిషన్ ఊపిరి పీలుస్తుండగానే ఆ పని చెయ్యాలి.

వెంటనే ఎవరైనా అడుగుతారు, ఇంత అవస్థ ఎందుకు, డేటా తీసి ఎక్సెల్‌లో పెట్టుకుంటే పోలా అని. డేటా తియ్యడం కష్టమేమీ కాదు. డీబేస్, ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ అనే పాత సాఫ్ట్‌వేర్లలో రాసిన ప్రోగ్రాములు పద్దులను డీబీఎఫ్ ఫైళ్లలో దాస్తాయి. ఆ ఫైలు లిబ్రాఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇవాళ్టికీ తెరుచుకుంటుంది. కానీ తేమ ఎంత శాతం దాటితే ఎంత తరుగు తియ్యాలి, బయానా మీద వడ్డీ ఏ రోజు నుంచి లెక్కెయ్యాలి, పాత బాకీని కొత్త సీజన్‌లోకి ఎలా మోసుకురావాలి అన్నవి డీబీఎఫ్‌లో ఉండవు. అవి ప్రోగ్రామ్‌లో ఉంటాయి. దాన్ని రాసిన కుర్రాడు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో తెలీదు, సోర్స్ కోడ్ ఏ ఫ్లాపీలో ఉందో తెలీదు. మిగిలింది ఒక్క ఈఎక్స్ఈ ఫైలు, అంటే కంప్యూటర్ నేరుగా నడిపే ఫైలు. చిట్టా, ఆవర్జా రాసే పద్ధతి గుమాస్తా బుర్రలో ఉన్నట్టే, ఆ మిల్లు వ్యాపారం చేసే పద్ధతి ఆ ఫైల్లో ఉంది. అందుకే పద్దుల ఫైళ్లొక్కటే దాచుకుంటే సరిపోదు, ప్రోగ్రామ్ నడవాలి.

మరి ఎందుకు నడవడం లేదు? 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అందులో ఉన్న ఇంటెల్ 8088 చిప్ మొత్తం ఒక్క మెగాబైట్ మెమరీనే చూడగలిగేది. అందులో ప్రోగ్రాములకు దక్కింది 640 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక ఫొటో అందులో పట్టదు. డాస్ తాను పక్కకు తప్పుకుని ఇల్లంతా ప్రోగ్రామ్‌కే అప్పగించేది. ప్రోగ్రామ్ నేరుగా తెర మెమరీలో రాసేది, నేరుగా ప్రింటర్ పోర్టును తాకేది. 1985లో వచ్చిన 80386 చిప్‌లో ఇంటెల్ ఒక ఏర్పాటు చేసింది. చిప్ తన లోపలే పాత 8086లా నటిస్తూ డాస్ ప్రోగ్రామ్‌కు చోటిచ్చేది. 32 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు అన్నేళ్లు నడిచింది ఆ ఏర్పాటు మీదే. 64 బిట్ల పద్ధతిలో చిప్ పనిచేసేటప్పుడు ఆ సదుపాయం ఉండదు. విండోస్ 11 వచ్చిందే 64 బిట్లలో. అందుకే పాత ఈఎక్స్ఈ మీద డబుల్ క్లిక్ చేస్తే, ఈ యాప్ మీ పీసీలో నడవదని కసురుతుంది. ప్రోగ్రామ్ పాడైపోలేదు, దానికి ఉండే చోటు పోయింది.

చోటు మళ్లీ కల్పించడానికి రెండు దారులున్నాయి. మొదటిది మన ఇళ్లలో వాటా ఇవ్వడం లాంటిది. వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్లో అడ్డగోడ కట్టి, అటువైపు ఒక ఖాళీ కంప్యూటర్ ఉన్నట్టు చూపిస్తుంది. అందులో మీరే డాస్ ఎక్కించుకోవాలి. దానికి ఫ్రీడాస్ ఉంది. మైక్రోసాఫ్ట్ ఇక డాస్‌ను వదిలేస్తుందని అర్థమై, జిమ్ హాల్ అనే అమెరికన్ విద్యార్థి 1994 జూన్‌లో దాన్ని ప్రకటించాడు. అందరూ కలిసి రాసుకున్న డాస్ అది, పూర్తిగా ఉచితం, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి.

రెండోది దుబాసీని పెట్టుకోవడం. 2002లో మొదలైన డాస్‌బాక్స్ ఆ పాత చిప్‌నీ, డాస్‌నీ రెండింటినీ తానే అనుకరిస్తుంది. ప్రోగ్రామ్ అనే ప్రతి మాటనూ మీ కంప్యూటర్ భాషలోకి మార్చి చెబుతుంది. అందుకే అది ఏ చిప్ మీదైనా నడుస్తుంది. 2015లో ఇంటర్నెట్ ఆర్కైవ్ వేల డాస్ ఆటలను బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టింది ఈ డాస్‌బాక్స్‌తోనే.

మిల్లు లాంటి చోట నేను వాడేది డాస్‌బాక్స్ నుంచే పుట్టిన డాస్‌బాక్స్-ఎక్స్. అసలు డాస్‌బాక్స్ తయారైందే ఆటల కోసం, ప్రింటింగ్ లాంటివి దాని లెక్కలో లేవు. వర్చువల్‌బాక్స్ గట్టిదే కానీ, డాస్‌తో మామూలుగా ఫోల్డర్లు పంచుకోదు. ఒక్క ఫైలు లోపలికి పంపాలన్నా ఫ్లాపీ ఇమేజో, సీడీ ఇమేజో, అంటే మొత్తం డిస్క్‌కు ఒకే ఫైలుగా నకలు, తయారుచెయ్యాలి. గుమాస్తాగారితో రోజూ ఆ పని చేయించలేం. డాస్‌బాక్స్-ఎక్స్‌లో అయితే మామూలు విండోస్ ఫోల్డర్‌నే సీ డ్రైవ్ అని చూపించవచ్చు. బ్యాకప్ అంటే ఆ ఫోల్డర్‌ను కాపీ కొట్టడమే.

ఎక్కించగానే అన్నీ సవ్యంగా నడుస్తాయని మాత్రం అనుకోకండి. టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన ప్రోగ్రామ్ అయితే మొదలవుతూనే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని పడిపోవచ్చు. మొదటిసారి అది చూసి, ఫైలే పాడైందనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. కారణం కంప్యూటర్ వేగం. ఆ ప్రోగ్రామ్ మొదలవగానే 55 మిల్లీసెకన్లలో ఎన్ని చుట్లు తిరగగలనో లెక్కపెట్టుకుని, దాన్ని 55తో భాగిస్తుంది. ఇప్పటి చిప్ ఎన్ని చుట్లు తిరుగుతుందంటే, వచ్చిన జవాబు 16 బిట్లలో పట్టదు. డాస్‌బాక్స్‌లో వేగం తగ్గించే ఏర్పాటు ఉంది, తగ్గిస్తే లేచి కూర్చుంటుంది. వర్చువల్‌బాక్స్‌లో ఇంకో తంటా ఉంది. డాస్‌కు ఊరికే కూర్చోవడం తెలీదు. మీట నొక్కారా, నొక్కారా అని తిరుగుతూనే ఉంటుంది. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరుమంటుంది. ఫ్రీడాస్‌తో వచ్చే ఎఫ్‌డీఏపీఎమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఎక్కిస్తే నెమ్మదిస్తుంది.

అన్నిటికంటే ఏడిపించేది ప్రింటర్. ఆ రోజుల్లో 132 కాలమ్‌ల రిపోర్టు కావాలంటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు 15 అనే కోడ్ పంపేవాళ్లం, అక్షరాలు సన్నబడేవి. ఇప్పటి లేజర్ ప్రింటర్‌కు ఆ మాట అర్థం కాదు. పాత ప్రింటర్లు తగిలించే పోర్టు పేరు ప్యారలల్ పోర్టు. యూఎస్‌బీకి ప్యారలల్ కేబుల్ కొని తగిలిస్తే చాలనుకుంటారు. కానీ అది కంప్యూటర్‌కు యూఎస్‌బీ ప్రింటర్‌గానే కనిపిస్తుంది, ప్రోగ్రామ్ వెతికే ఎల్‌పీటీ1 పోర్టుగా కనిపించదు. డాస్‌బాక్స్-ఎక్స్‌లో ఒక ఉత్తుత్తి ప్రింటర్ ఉంది. పాత కోడ్‌లు అర్థం చేసుకుని పేజీని బొమ్మగా ఇస్తుంది, దాన్ని ఏ ప్రింటర్ మీదైనా తీసుకోవచ్చు. మిల్లులో మొదటి లేజర్ కాగితం బయటికి వచ్చినప్పుడు గుమాస్తాగారు దాన్ని పాత రిపోర్టు పక్కన పెట్టి, మొత్తం వరసను వేలితో కిందికి దిగుతూ రెండుసార్లు సరిచూసుకున్నారు. ఆ తర్వాతే టీ తెప్పించారు.

కొన్ని ప్రోగ్రాములకు ప్యారలల్ పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ లాక్ ఉంటుంది, అది లేకపోతే ప్రోగ్రామ్ నడవదు. దాంతో చిక్కే. అది ఉన్నచోట పాత మిషన్‌ను ఇంకా జాగ్రత్తగా చూసుకోమని చెబుతాను.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక సొసైటీ వాళ్ల ఫాక్స్‌ప్రో డేటా కాపీ చేసిచ్చాను. డీబీఎఫ్ ఫైళ్లన్నీ తీసుకున్నాను, ఇక చాలని హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేశాను. ఫాక్స్‌ప్రోలో పొడుగాటి రాతలు డీబీఎఫ్‌లో ఉండవు, అదే పేరుతో పక్కన ఎఫ్‌పీటీ అనే ఫైల్లో ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు మర్చిపోయాను. అంకెలు మిగిలాయి. ఒక్కో సభ్యుడి గురించి పాత సెక్రటరీగారు రాసుకున్న మాటలన్నీ పోయాయి. అప్పటి నుంచి నేను ఫైళ్లు ఏరుకోవడం మానేశాను. మొదట మొత్తం డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఇమేజ్ తీస్తాను, మిగతా పనంతా ఆ ఇమేజ్ మీదే. దీనికి ఇంకో లాభం ఉంది. డీబీఎఫ్‌లో కొట్టేసిన పద్దు వెంటనే చెరిగిపోదు, ముందు ఒక నక్షత్రం గుర్తు మాత్రం పడుతుంది. ప్యాక్ అనే ఆదేశం ఇచ్చేదాకా అది అక్కడే ఉంటుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం చెబుతాను. డాస్‌లో తెలుగు ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, పుణేలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థలో పెరిగిన జిస్ట్ అనే కార్డును కంప్యూటర్ లోపల స్లాట్‌లో గుచ్చితే, డీబేస్‌లోనూ వర్డ్‌స్టార్‌లోనూ తెలుగు పడేది. ఆ కార్డు పట్టే స్లాట్ ఇప్పటి కంప్యూటర్లలో లేదు, వర్చువల్ మిషన్లలో ఆ కార్డు లేదు. అందుకని అలాంటి ఫైలును డాస్‌బాక్స్‌లో తెరిస్తే పేర్లకు బదులు నిలువు గీతలు, మూలలు, డబ్బాలు కనిపిస్తాయి. చాలామంది డేటా చెడిపోయిందని అక్కడే వదిలేస్తారు. చెడిపోలేదండీ. ఆ కార్డు వాడింది భారతీయ లిపుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ఇస్కీ అనే ప్రమాణం. అందులో 'క' సంఖ్య 179. మామూలు డాస్ తెరకు 179 అంటే నిలువు గీత. 'ఖ' 180, 'గ' 181, అలా వరసగా పోతుంది. ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల ప్రమాణం యూనికోడ్‌లో మన అక్షరాల వరస పేర్చింది కూడా ఇస్కీని చూసే. కాబట్టి ఒక చిన్న పట్టిక రాసుకుంటే ఆ గీతలన్నీ మళ్లీ తెలుగవుతాయి.

ఒక్కచోట జాగ్రత్త పడాలి. 'రాజ్‌కుమార్' అని రాసేటప్పుడు 'జ' కింద 'క' వత్తు పడకుండా ఇస్కీలో పొల్లు రెండుసార్లు కొడతారు. గుడ్డిగా మార్చేస్తే యూనికోడ్‌లో రెండు పొల్లులు పక్కపక్కన పడి పేరు విరిగిపోతుంది. అక్కడ ఒక పొల్లు, దాని వెంట కనిపించని విడదీసే గుర్తు ఒకటి పెట్టాలి. మొదటిసారి ఒక పాత జాబితా మొత్తం ఇలా తెలుగులోకి వచ్చినప్పుడు, తెర మీద గీతల బదులు మనుషుల పేర్లు కనిపిస్తుంటే చాలాసేపు చదువుతూ కూర్చున్నాను.

ఇక్కడ విద్యార్థులున్నారు కాబట్టి ఒక మాట. మీలో చాలామంది డాస్‌బాక్స్‌ను ఇప్పటికే వాడుతున్నారు, టర్బో సీ అనే పాత సీ కంపైలర్ కోసం. పాత ప్రోగ్రామ్‌ను బతికించడానికి డాస్‌బాక్స్ వాడండి. సీ నేర్చుకోవడానికి మాత్రం దయచేసి వాడకండి. అందులో పూర్ణాంకం 16 బిట్లే, 32767కు ఒకటి కలిపితే -32768 వస్తుంది. రేపు ఉద్యోగంలో చేరాక అదంతా మర్చిపోవాల్సిందే. జీసీసీ అనే ఇప్పటి సీ కంపైలర్ ఉచితం, ఇవాళే మొదలుపెట్టండి.

పాత మిషన్ ఉన్నవాళ్లు ముందు చెయ్యాల్సింది ఇది. హార్డ్ డిస్క్ బయటికి తీసి, పాత హార్డ్ డిస్క్‌ల ఐడీఈ కనెక్షన్ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ పెట్టి, ఇమేజ్ తియ్యండి. డిస్క్ చప్పుడు మారితే పదేపదే ఆన్ చేసి చూడకండి. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ బాగున్న భాగాన్ని ముందు లాగి, పాడైన చోట్లకు తర్వాత వస్తుంది. మూడున్నర అంగుళాల ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవ్ దొరుకుతుంది. ఐదుంపావు అంగుళాలవాటికి దొరకదు, వాటికి పాత డ్రైవ్, గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు కావాలి. బూజు పట్టిన ఫ్లాపీని అసలు డ్రైవ్‌లో పెట్టకండి. ఆ బూజు డ్రైవ్ తలకు అంటుకుని, తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా గీరేస్తుంది.

ఆ రెండు రకాల డ్రైవులూ, అడాప్టరూ ఇవాళ నా సంచిలో ఉన్నాయి. మీలో కొందరు ఫ్లాపీలు తెచ్చారని విన్నాను. ఈ బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కటిగా చూద్దాం. ముందు బూజు లేనివి ఇవ్వండి.