పుట్టగొడుగు ఎంజైము, నాలుగు రాగి పరమాణువులు

అందరికీ నమస్కారం.

హైడ్రోజన్, ఆక్సిజన్‌ల నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్ అనగానే అందరం హైడ్రోజన్ గురించే మాట్లాడతాం. ఎలా తయారు చేయాలి, ఎక్కడ నిల్వ పెట్టాలి, పేలదు కదా అని టెన్షన్. నిజానికి సెల్‌లో ఇబ్బంది పెట్టేది అవతలి వైపున్న ఆక్సిజన్. హైడ్రోజన్ చప్పున ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది. ఆక్సిజన్ ఒక పట్టాన లొంగదు. ఒక్కో ఆక్సిజన్ అణువు నీరుగా మారాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు అందాలి. రెండు ఎలక్ట్రాన్ల దగ్గరే ఆగిపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారై సెల్‌ను పాడు చేస్తుంది. అందుకే చర్యను వేగవంతం చేసే ప్లాటినంలో ఎక్కువ భాగం ఈ వైపే పెట్టాలి. పెట్టినా, చెప్పుకోదగ్గ కరెంటు కావాలంటే సుమారు 0.3 వోల్టులు నష్టపోక తప్పదు.

ఇదే పనిని చచ్చిన చెట్ల మొద్దుల మీద బతికే ఒక శిలీంధ్రం రాగితో చేసేస్తోంది. దాని పేరు ట్రామెటీస్ వెర్సికలర్. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టడానికి అది లాకేజ్ అనే ఎంజైమును బయటికి వదులుతుంది. ఈ రకం ఎంజైమును 1883లో జపాన్ శాస్త్రవేత్త యోషిదా లక్క చెట్టు పాలలో మొదట గమనించాడు. శిలీంధ్రాల్లోనూ ఉందని 1896లో తేలింది. ఫినాల్ జాతి పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని ఆక్సిజన్‌కు అందించడం దీని పని. ఆ ఆక్సిజన్ పెరాక్సైడ్ దగ్గర ఆగకుండా నేరుగా నీరవుతుంది.

లాకేజ్‌లో నాలుగు రాగి పరమాణువులుంటాయి. మొదటిది ప్రోటీన్ ఉపరితలానికి దగ్గరగా ఉండి ఎలక్ట్రాన్లు అందుకుంటుంది. మిగతా మూడూ సుమారు 1.3 నానోమీటర్ల లోపల ఒక గుంపుగా ఉండి ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. శుద్ధి చేసిన లాకేజ్ చిక్కటి ద్రావణం చక్కని నీలం రంగులో ఉంటుంది. ఆ నీలం మొదటి రాగిదే. గాలి తగలకుండా విటమిన్ సి లాంటి ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం కలిపితే రంగు పోతుంది. మూత తీసి గాలి తగిలేలా ఊపితే నీలం తిరిగొస్తుంది. ఎలక్ట్రాన్లు ఆ నాలుగు రాగుల మీదుగా ఆక్సిజన్‌కు చేరడం మన కళ్ల ముందే జరుగుతుందన్నమాట. నాకు ఈ శాస్త్రంలో ఇంతకంటే అందమైన దృశ్యం లేదు.

ఇక వోల్టేజి సంగతి. పీహెచ్ 5 దగ్గర ఆక్సిజన్ నుంచి నీటికి సిద్ధాంతపరంగా వచ్చేది సుమారు 0.93 వోల్టులు. ఈ శిలీంధ్రపు లాకేజ్‌లో మొదటి రాగి సుమారు 0.78 వోల్టుల దగ్గర ఉంటుంది. అంటే నష్టం చాలా తక్కువ.

అయితే ఎంజైమును తెచ్చి, ఎలక్ట్రోడ్‌గా పనిచేసే గ్రాఫైట్ మీద పూస్తే సరిపోతుందా? ఎలక్ట్రాన్ నేరుగా దూకగలిగే దూరం ఒకటిన్నర నానోమీటర్ల లోపే. ఎంజైము వ్యాసమేమో ఐదారు నానోమీటర్లు. మొదటి రాగి గ్రాఫైట్ వైపు తిరిగి ఉంటేనే కరెంటు వస్తుంది. పిన్నులు గోడ వైపు లేని ప్లగ్గు ఎంత గట్టిగా నొక్కినా ఏం లాభం? 1970ల చివర్లో సోవియట్ శాస్త్రవేత్తలు కార్బన్ మీద లాకేజ్ నేరుగా పనిచేస్తుందని చూపించారు, కానీ చాలా అణువులు అడ్డదిడ్డంగా అతుక్కుని వృథా అయ్యేవి. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం గ్రాఫైట్‌కు ఆంత్రసీన్ అనే, మూడు బెంజీన్ వలయాల అణువును రసాయనికంగా తగిలించింది. ఫినాళ్లు వచ్చి కూర్చునే గుంట మొదటి రాగి పక్కనే ఉంటుంది. ఆంత్రసీన్ ఆ గుంటలోకి దూరి ఎంజైమును సరైన వైపు నిలబెట్టింది. కరెంటు పెరిగింది, ఎలక్ట్రోడ్ ఆయుష్షూ పెరిగింది. ఈ రంగంలో నేను ఎక్కువగా మెచ్చుకునే పని ఇదే, ఎందుకంటే వాళ్లు ఎంజైమును మార్చలేదు, దాని అలవాటునే వాడుకున్నారు.

లాకేజ్‌కు క్లోరైడ్ పడదు, తటస్థ పీహెచ్ కూడా నచ్చదు. రక్తంలో ఈ రెండూ ఉంటాయి కాబట్టి అక్కడ పనిచేయించడం కష్టం. మైరోథీసియం వెర్రుకేరియా అనే మరో శిలీంధ్రం ఇచ్చే బిలిరుబిన్ ఆక్సిడేజ్ ఈ రెండింటినీ తట్టుకుంటుంది. కామెర్లలో పెరిగే బిలిరుబిన్‌ను కొలిచే పరీక్షల్లో వాడే ఎంజైమే ఇది. బిలిరుబిన్ ఆక్సిడేజ్‌తోనే టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ హెల్లర్ బృందం 2003లో రెండు సన్నని కార్బన్ పోగులను ద్రాక్షపండులో గుచ్చి, పండులోని గ్లూకోజు నుంచే కరెంటు తీసింది.

ప్లాటినం బదులు కార్లలో లాకేజ్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. చర్య జరిగే ఒక్క చోటు కోసం అంత పెద్ద ప్రోటీన్ స్థలం ఆక్రమిస్తుంది, పైగా వేడికి పాడవుతుంది. చర్మానికి అంటించే సెన్సర్ల వంటి, కొద్దిపాటి కరెంటుతో గడిచే చిన్న పరికరాల్లో మాత్రం దీనికి సాటి రావడం కష్టం.

విద్యార్థులకు ఒక మాట. మన దగ్గర వరిగడ్డి మీద పెంచే ఆయిస్టర్ పుట్టగొడుగు కూడా లాకేజ్ తయారు చేస్తుంది. కోత అయిపోయాక పారేసే గడ్డిని పీహెచ్ మారకుండా పట్టి ఉంచే చల్లని అసిటేట్ బఫర్ ద్రావణంలో నానబెట్టి, వడకట్టి, కొంచెం గ్వయకాల్ అనే ఫినాల్ కలపండి. ఎంజైము ఉంటే ఇటుక రంగు వస్తుంది. తర్వాత గ్రాఫైట్ మీద పూసి, ముందు నైట్రోజన్‌లో, ఆ తర్వాత ఆక్సిజన్‌లో కరెంటు కొలవండి. రెండింటి మధ్య తేడాయే మీ ఫలితం. పీహెచ్ సరిచేయడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకండి, అసిటిక్ ఆమ్లమే వాడండి. వోల్టేజి కొలతకు ఆధారంగా పెట్టుకునే సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను నేరుగా అదే గిన్నెలో ముంచకండి, దాని నుంచి కారే క్లోరైడ్ చాలు కరెంటు పడిపోవడానికి.