మందిరం కప్పు మీద పడే వాన

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, పిలవగానే వచ్చిన దర్గా పెద్దలకు, ఆలయ కమిటీ సభ్యులకు వందనాలు.

ఒంగోలులో విశ్వాసం గురించి మాట్లాడేవాళ్ళంతా 1878 జూలై 3ను తలుచుకుంటారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మన పిల్లలకు కూడా నోటికి వచ్చు. అంతకుముందు జరిగింది మాత్రం అంతగా చెప్పుకోం. 1876-78 నాటి ధాత కరువులో జనం ఆకలికి రాలిపోతుంటే, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం పనిని కంట్రాక్టుకు తీసుకున్నాడు. మాదిగ పల్లెల వాళ్ళకు పని చూపించాడు, కూలి ఇచ్చాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. నన్నడిగితే గుండ్లకమ్మ కన్నా ముందు ఆ కాలువ గట్టునే తలుచుకోవాలి. అక్కడ పని దొరకడానికి ఎవరూ ముందుగా విశ్వాసి కానక్కర్లేదు.

నీళ్ళ దగ్గర మన జిల్లాకు ఇంకో జ్ఞాపకం ఉంది. అది చెప్పడం కష్టం, చెప్పకపోవడం పాపం. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న కారంచేడులో, 1985 జూలైలో, మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు దగ్గర ఊరి పెత్తందారీ కులం వాళ్ళు గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే, ఇదేమిటని ఒక కుర్రవాడు అడిగాడు. అతన్ని కొట్టారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త మీదికీ వచ్చారు. ఆమె చేతిలో ఉన్నది బిందె. ఆ బిందే ఎత్తింది. మర్నాడు, 17వ తేదీన, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆరోజు ఆ గేటు తెరిచినవాళ్ళు చేసింది ఆరాధనే అని నేను నమ్ముతాను. తాగే నీళ్ళు చెడగొట్టడమూ మనిషిని తక్కువ చేయడమూ ఒకే చోట ఎలా కలుస్తాయో కారంచేడు చూపించింది. పర్యావరణం వేరు, సామాజిక న్యాయం వేరు అనేవాళ్ళకు నేను ఆ చెరువునే చూపిస్తాను.

ఇస్సాకు తవ్విన బావి దగ్గర గెరారు కాపరులు ఈ నీళ్ళు మావే అని పోట్లాడారని మన గ్రంథం చెబుతోంది. నీరు, గడ్డి, నిప్పు మనుషులందరి ఉమ్మడి సొత్తని ప్రవక్త చెప్పినట్టు ముస్లిం సోదరులు చెబుతారు. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో లెక్కపెట్టారు హిందువుల పెద్దలు. ఇన్ని మాటలు మన దగ్గర ఉండగా కనిగిరి వైపు పల్లెల్లో పిల్లలు ఇంకా ఫ్లోరైడ్ నీళ్ళు తాగుతున్నారు.

ఆ పిల్లల పళ్ళు చూశారా? సుద్దలాంటి తెల్ల చారలు, వాటి మీద గోధుమరంగు మరకలు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన ముసలమ్మను వెనక నుంచి పిలిచి చూడండి. మెడ తిరగదు, మనిషి మొత్తంగా తిరగాలి. అది ముసలితనం కాదు, కర్మ అంతకన్నా కాదు. రాతిలో ఉన్న ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. చెరువులు పూడిపోయి, వాన ఇంకక, బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆ రాతి నీళ్ళే పైకొస్తున్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాలూ పప్పూ లేని ఇంటి పిల్లల ఎముకలను ముందుగా పట్టుకుంటుంది. డబ్బున్నవాళ్ళు క్యాన్లు కొనుక్కుంటారు. కూలికి పోయిన తల్లి పొలంలో బోరు నీళ్ళే తాగుతుంది.

వాన నీళ్ళలో ఆ రాతి ఫ్లోరైడ్ ఉండదు. చాలా పల్లెల్లో పెద్ద కప్పు ఉన్నది మందిరానికే. వంద చదరపు మీటర్ల స్లాబు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. కప్పు ఊడ్చి, తొలి వాన నీళ్ళు బయటికి వదిలేసి, తర్వాతవి ఇసుక, బొగ్గు పొరల గుండా వడకట్టి, వెలుతురు, దోమ దూరని మూత తొట్టిలోకి పట్టుకోవాలి. తాగేముందు కాచుకోవాలి. ఆస్‌బెస్టాస్ రేకుల కప్పయితే వద్దు. మందిరానికి ఏటా రంగులు వేయిస్తున్నాం, సంతోషమే. ఒక్క ఏడాది ఆ డబ్బు తొట్టికి పెడదాం. ఆ నీళ్ళు ముందుగా చంటిపిల్లలూ గర్భిణులూ ఉన్న ఇళ్ళకు వెళ్ళాలి. ఏ ఇల్లు, ఏ మతం, మందిరానికి వస్తారా రారా అని అడగకూడదు.

తొట్టి కట్టుకున్నామని ప్రభుత్వాన్ని వదిలిపెట్టేది లేదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు అడుగుతూనే ఉండాలి. సర్వోదయ కార్యకర్త జగన్నాథన్ గారు తమిళనాడు తీరంలో రొయ్యల చెరువుల మీద సత్యాగ్రహం చేశారు, సుప్రీంకోర్టుకూ వెళ్ళారు. తీరం వెంట ఆ చెరువులు తీసేయాలని 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు మన నెల్లూరు తీరానికీ వర్తించింది. 2005లో చట్టం చేసి ఆ కట్టు సడలించారు. గెలిచిన తర్వాత కూడా కాపలా ఉండాలన్నమాట. అందుకే ప్రతి సంఘమూ తన ఊరి బోరు నీళ్ళు పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని ఆదివారం ప్రకటనల్లో చదవాలి. అదే కాగితం గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించాలి, నకలు తీసుకోవాలి.

భోజనాలకు లేచే ముందు ఒక్క పని చేయండి. మీ మందిరం కప్పు స్లాబో రేకులో, కొలత ఎంతో, ఆవరణలో బోరు ఉందో లేదో ఇక్కడి పుస్తకంలో రాయండి. దర్గా, ఆలయం వాళ్ళకు కూడా అందులో పేజీ ఉంది.